టీ-5 మస్టాంగ్ అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా?

జర్మనీలో ఫోర్డ్ అధికారికంగా అమ్మిన తొలితరం మస్టాంగ్ మీద మస్టాంగ్ అన్న పేరు కనిపించదు. అక్కడ ఆ పేరు మీద హక్కు క్రుప్ కంపెనీది. తన ట్రక్కుల కోసం క్రుప్ ఆ పేరును ముందే నమోదు చేయించుకుంది. వదులుకోవడానికి పది వేల డాలర్లు అడిగిందని, ఫోర్డ్ ఇవ్వనందని ప్రచారంలో ఉన్న కథనం. మొత్తానికి ఫోర్డ్ ఆ కారుకు డిజైన్ దశలో వాడుకున్న అంతర్గత పేరునే బ్యాడ్జిగా పెట్టి టీ-5 పేరుతో జర్మనీకి పంపింది. 1970ల చివర్లో క్రుప్ హక్కు గడువు తీరేదాకా అక్కడ ఇదే పేరు నడిచింది. జర్మనీలో పనిచేసిన అమెరికా సైనికులు కూడా ఈ కార్లను కొనుక్కుని, బదిలీ అయినప్పుడు వెంట తీసుకెళ్లారు. అందుకే టీ-5లు ఈ రోజున యూరప్‌లోనూ దొరుకుతాయి, అమెరికాలోనూ దొరుకుతాయి.

సంఖ్యాపరంగా మస్టాంగ్ అరుదైన కారేమీ కాదు. 1965 మోడల్ కింద 6,80,989, 1966 మోడల్ కింద 6,07,568 కార్లు తయారయ్యాయి. ఇంత పెద్ద గుంపులో ఒక కారు విడిగా కనిపించాలంటే ఏదో ప్రత్యేకత కావాలి. ఎగుమతి చరిత్ర అలాంటి ప్రత్యేకతే. చిక్కంతా ఆ ప్రత్యేకతను నకలు చేయడం చాలా సులువు కావడంలో ఉంది. టీ-5 బ్యాడ్జీలు కొత్తవి తయారై అమ్మకానికి ఉన్నాయి. కిలోమీటర్ల స్పీడోమీటరు పాత సామాన్ల అంగట్లో దొరుకుతుంది. ఇంజన్ గదిలో ఉండే ఎగుమతి బ్రేసును పనితీరు కోసం మామూలు మస్టాంగ్ యజమానులే వేలమంది కొని బిగించుకున్నారు. డబ్బు పెడితే దొరికే భాగం ఏదైనా సరే, అది ఉన్నంత మాత్రాన కారు టీ-5 అని రుజువు కాదు. రుజువు కావాలంటే కొనడానికి వీల్లేనివి చూడాలి. అవి రేకు మీద కొట్టిన నంబర్లు, పోత పోసిన తేదీలు, ఫ్యాక్టరీ గుద్దిన రంధ్రాలు, పాత కాగితాలు.

నంబర్లు ఏం చెబుతాయి

1965, 66 మస్టాంగ్‌లలో అసలు వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు, డ్యాష్‌బోర్డు మీద ఉండదు. బానెట్ ఎత్తి ఎడమవైపు చూస్తే మడ్‌గార్డు లోపలి రేకు పైఅంచు మీద కొట్టి ఉంటుంది. ఆ నంబరు కనబడటానికే మడ్‌గార్డు అంచులో చిన్న గాడి కోసి ఉంచారు. మామూలుగా మరో రెండు చోట్ల, అంటే ఎడమా కుడీ మడ్‌గార్డుల అంచుల కింద, అదే నంబరు దాగి ఉంటుంది. పై బోల్టులు వదులు చేసి మడ్‌గార్డును కాస్త లేపితే తప్ప అవి కనబడవు. అమ్మేవాడు ఒప్పుకుంటే ఈ పని తప్పక చేయించాలి, అరగంట కూడా పట్టదు. కుడివైపు నంబరు లేకపోతే వెంటనే మోసం అనుకోనక్కర్లేదు. బ్యాటరీ ఉండేది ఆ పక్కనే. ఆమ్లం కారి రేకు తినేస్తే ఎప్పుడో కొత్త రేకు వేసి ఉండొచ్చు. ఎడమవైపు రేకు మార్చారంటే మాత్రం గట్టి సంజాయిషీ కావాలి. నంబరు ఉన్న ముక్కను కోసి వేరే కారు ఒంటికి అతికించడం పాతకాలపు మోసం. దాన్ని పట్టిచ్చేది వెల్డింగే. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగులు గుండ్రంగా, చిన్న గుంటల్లా, ఇంచుమించు సమదూరంలో ఉంటాయి. నంబరు చుట్టూ పొడవాటి వెల్డింగు గీత గానీ, గ్రైండర్ గీతలు గానీ, ఆ ఒక్కచోటే మందపాటి నల్ల రంగు గానీ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

నంబరు చదవడం తేలిక. 5-ఎఫ్-08-సీ-100001 అనే నమూనా తీసుకుందాం. 5 అంటే 1965 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. ఆర్ అయితే సాన్ హోసే, టీ అయితే మెటూచెన్. 07 హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. తరువాతి అక్షరం ఇంజన్‌ది. టీ అంటే 200 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్లు. సీ అంటే రెండు గొంతుల కార్బొరేటర్ ఉన్న 289 వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), ఏ అంటే నాలుగు గొంతులది, కే అంటే 271 హార్స్‌పవర్ హైపెర్ఫార్మెన్స్ 289. చివరి ఆరంకెలు క్రమసంఖ్య. అది 100001 నుంచి మొదలవుతుంది.

ఎడమ తలుపు అంచున రివెట్లతో బిగించిన రేకు పలక మీద మరికొంత సమాచారం ఉంటుంది. బాడీ రకం, రంగు, లోపలి తొడుగు, తయారీ తేదీ, డీఎస్‌ఓ, యాక్సిల్, గేర్‌బాక్స్ కోడ్లు అందులో చదవొచ్చు. హార్డ్‌టాప్‌కు 65ఏ, ఫాస్ట్‌బ్యాక్‌కు 63ఏ, కన్వర్టిబుల్‌కు 76ఏ. గేర్‌బాక్స్ కోడ్ 1 అంటే మూడు గేర్లు, 5 అంటే నాలుగు గేర్లు, 6 అంటే సీ4 ఆటోమేటిక్. యాక్సిల్ కోడ్‌లో అంకె బదులు అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. తేదీలో నెలకు అక్షరం వాడారు. జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా డిసెంబరుకు ఎమ్. మధ్యలో ఐ అక్షరాన్ని వదిలేశారు కాబట్టి ఆగస్టు హెచ్ అయితే సెప్టెంబరు జే అవుతుంది.

ఎగుమతి కారుకు ఇక్కడ కీలకం డీఎస్‌ఓ. ఇది ఏ జిల్లా అమ్మకాల కార్యాలయం కారును ఆర్డర్ చేసిందో చెప్పే రెండంకెల కోడ్. 90 నుంచి 99 దాకా ఉన్న కోడ్లు ఎగుమతివి. రెండంకెల తర్వాత మరిన్ని అంకెలుంటే ఆ కారును ప్రత్యేక ఆర్డర్ మీద తయారు చేశారని అర్థం. అయితే ఎగుమతి కోడ్ ఉన్న కారల్లా టీ-5 కాదు. స్వీడన్‌కో స్విట్జర్లాండ్‌కో వెళ్లిన కారు కూడా ఎగుమతి కారే, దాని మీద మస్టాంగ్ పేరే ఉంటుంది. ఇంకో సంగతి, ఈ పలక తలుపుకు ఉంటుంది. తలుపులు మారుతుంటాయి, నకలు పలకలు ఆర్డర్ ఇచ్చి చేయించుకోవచ్చు. కాబట్టి తలుపు పలక మీది నంబరు మడ్‌గార్డు రేకు మీది నంబరుతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, అక్షరాల లోతు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా కాక అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా, పలక వయసును శంకించాలి.

1967 కారులో కూడా నంబరు మడ్‌గార్డు రేకు మీదే. 1968లో అది డ్యాష్‌బోర్డు మీదికి, ముందు అద్దం గుండా కనిపించేలా ప్రయాణికుడి వైపుకు వచ్చింది. 1969లో డ్రైవర్ వైపుకు మారింది.

"మ్యాచింగ్ నంబర్స్" అనే మాట

ఇంజన్ మీది నంబరు కారు నంబరుతో కలుస్తుందని ఈ మాటకు అర్థం. అమ్మకం ప్రకటనల్లో ఎక్కువగా దుర్వినియోగమయ్యే మాట ఇదే. 1965 నుంచి 67 దాకా వచ్చిన మామూలు మస్టాంగ్‌లలో ఇంజన్ బ్లాకు మీద కారు నంబరు కొట్టలేదు. కే కోడ్ ఇంజన్‌కు మాత్రం కొట్టారు. మిగతావాటికి ఆ పద్ధతి 1968 నుంచి వచ్చింది. అంటే సీ కోడ్ 1965 కారును మ్యాచింగ్ నంబర్స్ అని అమ్మితే, ఏ నంబరు దేనితో కలిసిందో అమ్మేవాడు చెప్పలేడు. ఆ కార్లలో నిరూపించగలిగేది ఒక్కటే. ఇంజన్ తేదీలు కారు తేదీకి పొసుగుతున్నాయా లేదా అన్నది.

289 బ్లాకు మీద పోత నంబరు కుడివైపు వెనక భాగంలో, స్టార్టర్ మోటారు దగ్గర ఉంటుంది. చాలాసార్లు స్టార్టర్ విప్పితే గాని చదవడం కుదరదు. తీగబ్రష్షుతో జిడ్డు రుద్దేస్తే నంబరు, దాంతోపాటు 5సీ12 లాంటి చిన్న తేదీ కోడ్ కనిపిస్తాయి. 5 అంటే 1965, సీ అంటే మార్చి, 12 తేదీ. బ్లాకు పోత పోశాక మెషీనింగ్, బిగింపు, రవాణా జరిగి కారులోకి చేరడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. తలుపు పలక 1965 ఏప్రిల్ అంటే, మార్చి నెల బ్లాకు సహజం. మే నెల బ్లాకైతే అది ఆ కారుతో పుట్టింది కాదు. ఏడాది ముందరి బ్లాకు కూడా అనుమానమే. ఇదే లెక్క సిలిండర్ హెడ్లకు, ఇన్‌టేక్ మానిఫోల్డుకు, వాటర్ పంపుకు వర్తిస్తుంది. హెడ్ల తేదీ కోసం వాల్వ్ కవర్లు తీయాలి.

1965 మోడల్ విషయంలో ఏడాది తేల్చుకోవడం కాస్త మెలిక పడుతుంది. ఉత్పత్తి 1964 మార్చి 9న మొదలైంది, అమ్మకాలు ఏప్రిల్ 17న. 1965 మోడల్ 1965 వేసవి దాకా నడిచింది. తొలి నెలల కార్లలో డైనమో ఉండేది, 1964 ఆగస్టు తర్వాత ఆల్టర్నేటర్ వచ్చింది. ఇంజన్ కోడ్ల సాయం కూడా ఉంది. యూ అక్షరపు 170 ఆరు సిలిండర్లు, ఎఫ్ అక్షరపు 260 వీ8, డీ అక్షరపు 289 తొలి నెలల్లోనే కనిపిస్తాయి. తొలి 289ల వెనక, గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే బెల్‌హౌసింగుకు అయిదు బోల్టులు, తర్వాతి వాటికి ఆరు. ఎఫ్ కోడ్ కారులో ఆరు బోల్టుల 289 ఉంటే, ఇంజన్ మారిందన్న సంగతికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఫోర్డ్ విడిభాగాల నంబర్ల మొదటి అక్షరాలు కూడా వయసు చెప్పేస్తాయి. సీ అంటే 1960ల దశకం, డీ అంటే 1970ల దశకం, తరువాతి అంకె ఆ దశకంలో సంవత్సరం. సీ5 అంటే 1965, డీ1 అంటే 1971. మూడో అక్షరం ఏ మోడల్ కోసం రూపొందించారో చెబుతుంది. జడ్ మస్టాంగ్, ఓ ఫెయిర్‌లేన్, డీ ఫాల్కన్, ఏ పెద్ద కార్లు. 289 బ్లాకు మీద సీ5ఏఈ అని ఉంటే అది ఫోర్డ్ పెద్ద కారు గెలాక్సీదేమోనని కంగారు పడాల్సిన పని లేదు. ఆ బ్లాకును పెద్ద కార్ల ఖాతాలో రూపొందించి అన్నింటికీ వాడారు. డీతో మొదలయ్యే నంబరు 1965 కారులో కనిపిస్తే మాత్రం ఆ భాగం తర్వాత వచ్చి చేరిందే.

ఆరు సిలిండర్ల కారును వీ8గా మార్చి అమ్మడం మరో పాత అలవాటు. నంబరులో టీ ఉండి బానెట్ కింద వీ8 ఉంటే అది తెలిసిపోతుంది. నంబరును కూడా దిద్దిన చోట కింద చూడాలి. ఆరు సిలిండర్ల కారు చక్రాలకు నాలుగు నట్లు, వీ8కి అయిదు. వెనక యాక్సిల్ కూడా ఆరు సిలిండర్లకు చిన్నది, మామూలు వీ8కి 8 అంగుళాలది, కే కోడ్‌కు 9 అంగుళాలది. స్టీరింగు రాడ్లు కూడా వీ8కి బలమైనవి. మార్పిడి చేసేవాళ్లు ఇంజన్ మీద పెట్టిన శ్రద్ధ వీటి మీద పెట్టరు.

టీ-5కే ప్రత్యేకమైనవి

ముందు మడ్‌గార్డుల మీద మస్టాంగ్ అక్షరాల స్థానంలో టీ-5 బ్యాడ్జి ఉంటుంది. పరుగెత్తే గుర్రం బొమ్మకు ఇబ్బంది లేదు, అది అలాగే ఉంటుంది. క్రుప్‌కు ఉన్న హక్కు పేరు మీదే తప్ప గుర్రం మీద కాదు. స్టీరింగు మధ్యభాగం, చక్రాల కప్పులు, పెట్రోల్ ట్యాంకు మూత లాంటి చోట్ల మస్టాంగ్ అన్న అక్షరాలు తీసేశారు. స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉంటుంది. ఇంజన్ గదిలో షాక్ అబ్జార్బర్లు బిగించే షాక్ టవర్ల నుంచి వెనక గోడకు మామూలు కారులో రెండు విడి పట్టీలు ఉంటే, ఎగుమతి కారులో ఒకే ముక్కగా చేసిన బలమైన బ్రేసు ఉంటుంది. మస్టాంగ్ పందెపు రూపమైన షెల్బీ జీటీ350లో వాడింది కూడా ఇదే.

పరీక్షకు పనికొచ్చేది బ్యాడ్జి వెనక ఉన్న రేకు. చక్రం తీసి, మడ్‌గార్డు లోపలికి టార్చి వేసి, చిన్న అద్దంతో బ్యాడ్జి వెనక భాగం చూడాలి. ఫ్యాక్టరీలో ప్రెస్ గుద్దిన రంధ్రం అంచు శుభ్రంగా, లోపలికి కొద్దిగా ఒంగినట్టు ఉంటుంది, దాని మీద ఫ్యాక్టరీ ప్రైమర్ సమంగా పరుచుకుని ఉంటుంది. చేతి డ్రిల్లుతో వేసిన రంధ్రానికి అంచున గరుకు పొలుసులు ఉంటాయి, చుట్టూ ప్రైమర్ చిట్లి ఉంటుంది. మస్టాంగ్ అక్షరాల పాత రంధ్రాలను వెల్డింగుతో మూసి ఉంటే లోపలివైపు ముద్దలు కనిపిస్తాయి, లేదంటే పుట్టీ రంధ్రంలోంచి లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. బయట ఎంత నునుపుగా రంగు వేసినా లోపలివైపు ఎవరూ పాలిష్ చేయరు. అయితే మడ్‌గార్డు బోల్టులతో బిగించే భాగం, ప్రమాదంలో మొదట పోయేదీ అదే. అరవై ఏళ్ల కారుకు మడ్‌గార్డులు మారి ఉండటం మామూలు. అలాంటప్పుడు ఈ పరీక్ష తీర్పు ఇవ్వదు, కాగితాలే ఇవ్వాలి.

ఎగుమతి బ్రేసు మరో ఉపయోగానికి వస్తుంది. దాన్ని విప్పి మళ్లీ బిగించి చూపమని అడగాలి. బోల్టు రంధ్రాలు వాటంతటవే కలిస్తే ముందు భాగం నిటారుగా ఉన్నట్టు. ఈ కార్లలో షాక్ టవర్లు ఏళ్లు గడిచేకొద్దీ బరువుకు లోపలికి వాలుతాయి. వాలిన కారులో బ్రేసు తీసేశాక తిరిగి కూర్చోదు. జాకీ పెట్టి తోస్తే గాని బోల్టు దిగదు. టవర్ల మొదట్లో, సస్పెన్షన్ పై ఆర్మ్ బిగించిన చోట సన్నని పగుళ్లు ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

మీటరు సంగతి. అప్పటి ఓడోమీటర్‌కు అయిదంకెలే. కిలోమీటర్ల మీటరు 99,999 దాటి సున్నాకు వచ్చేసరికి కారు నడిచింది సుమారు 62,137 మైళ్లే. కాబట్టి 48,000 చూపిస్తున్న మీటరు తొలి చుట్టా, మూడో చుట్టా అన్నది సర్వీసు రసీదులు లేకుండా తేలదు. అమెరికాకు తిరిగొచ్చిన కార్లలో చాలామంది మైళ్ల మీటరు పెట్టించుకున్నారు. పాత కిలోమీటర్ల మీటరు అమ్మేవాడి గ్యారేజీలో ఉంటే దాన్ని బేరంలో కలపమని అడగాలి. పునరుద్ధరణ పేరుతో ఎగుమతి భాగాలన్నీ పారేసి అమెరికా కారులా చేయడం వల్ల ఈ కార్లు పోగొట్టుకున్న చరిత్ర చాలా ఎక్కువ. అది నిజంగా బాధ కలిగించే విషయం.

కాగితాలు

1967, ఆ తర్వాతి కార్లకు పని సులువు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల మీద అధికారిక లైసెన్సు ఉన్న మార్టీ ఆటో వర్క్స్ నుంచి వీఐఎన్ ఇచ్చి నివేదిక తెప్పించుకోవచ్చు. కారు ఎప్పుడు తయారైంది, ఏ డీఎస్‌ఓకు వెళ్లింది, ఏయే ఆప్షన్లతో ఆర్డర్ అయింది అన్నది అందులో ఉంటుంది. ఆ నివేదిక లేకుండా 1967-70 టీ-5 కోసం ఒక్క డాలరు ఎక్కువ ఇవ్వడం అనవసరం. 1965, 66 కార్లకు ఈ సౌకర్యం లేదు. ఆ ఏళ్ల రికార్డులు ఆ భాండాగారంలో లేవు. అందువల్ల 1965, 66లో ఫలానా రంగులో, ఫలానా ఇంజన్‌తో ఇన్నే టీ-5లు తయారయ్యాయని ఖచ్చితమైన అంకె చెప్పే అమ్మకందారుడిని ఆ అంకె ఎక్కడిదో అడగాలి.

ఆ రెండేళ్ల కార్లకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం పాత జర్మన్ ఫార్‌ట్సొయిక్‌బ్రీఫ్. మన ఆర్సీ లాంటిదే, కాకపోతే వాహనం పుట్టినప్పటి నుంచి యజమానులు మారిన క్రమమంతా అందులో నమోదవుతుంది. తొలి రిజిస్ట్రేషన్ తేదీ కారు తయారీ తేదీకి కొన్ని నెలల తేడాతో ఉండి, మొదటి యజమాని చిరునామా జర్మనీదై ఉంటే కారు అక్కడే కొత్తగా అమ్ముడైందన్నమాట. 2005 అక్టోబరు నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త పత్రంలో చివరి ఇద్దరు యజమానుల వివరాలే ఉంటాయి. కాబట్టి రద్దు ముద్ర పడినా సరే, పాత బ్రీఫ్ కారుతో పాటు చేతికి రావాలి. 1990లలోనో ఆ తర్వాతో అమెరికా నుంచి తెచ్చిన కార్లు జర్మనీలో వేలల్లో ఉన్నాయి. వాటి పత్రాల్లో తొలి రిజిస్ట్రేషన్ తేదీ తెలియక జూలై 1 లాంటి అంచనా తేదీ వేసి ఉండటం పరిపాటి. అలాంటి తేదీ కనిపిస్తే కారు జర్మనీలో పుట్టి పెరిగిందన్న మాటను పక్కన పెట్టేయాలి. సైనికుల కార్లకు అమెరికా సైన్యం జారీ చేసిన రిజిస్ట్రేషన్ కాగితాలు, ఓడ రవాణా రసీదులు దొరుకుతుంటాయి. సీటు స్ప్రింగుల మధ్య, తివాచీ కింద ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ (తయారీ వివరాల కాగితం) దొరికిన సందర్భాలూ ఉన్నాయి. సీటు విప్పే అవకాశం వస్తే వదులుకోకూడదు.

తుప్పు

ఇన్ని నంబర్లు సరిపోయినా, ధరను నిజంగా పైకో కిందికో లాగేది బాడీయే. జర్మనీ రోడ్ల మీద చలికాలం ఉప్పు చల్లుతారు. అక్కడ ఏళ్ల తరబడి రోజూ తిరిగిన కారు కాలిఫోర్నియా కారులా ఉండదు.

ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది. దాని కింద రెండు రేకులు కలిపి చేసిన పెట్టె లాంటి భాగాన్ని కౌల్ అంటారు. వాన నీళ్లు అందులోకి దిగి పక్కలనుంచి కిందికి పోవాలి. ఎండుటాకులు చేరి దారి మూసుకుంటే నీళ్లు నిలిచి, గాలి గొట్టాల చుట్టూ రేకును లోపలినుంచి తినేస్తాయి. పైకి ఏమీ కనబడదు. పరీక్ష సులువే. కారు లోపల డ్యాష్‌బోర్డు కింద తివాచీ ఎత్తి, పాత న్యూస్‌పేపర్లు పరిచి, బయట జాలీలో ఒక్కోవైపు నాలుగైదు లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయాలి. నీళ్లు ముందు చక్రాల వెనక నుంచి నేలమీదికి కారితే సరే. లోపలి కాగితం తడిస్తే కౌల్ పోయిందని లెక్క. దీన్ని బాగు చేయాలంటే మడ్‌గార్డులు, బానెట్, ముందు అద్దం, డ్యాష్‌బోర్డు విప్పి, వందల కొద్దీ స్పాట్ వెల్డింగులు డ్రిల్లుతో తీసి, రేకు మార్చి మళ్లీ అతకాలి. వారాల పని. సిలికాన్ పూసి ఆపిన కారు ఒక వానాకాలం తర్వాత మళ్లీ కారుతుంది.

నేల రేకులు, వాటి కింద ముందు వెనక పొడవాటి ఫ్రేమ్ దూలాలు, వాటిని పక్క సిల్‌లకు కలిపే టార్క్ బాక్సులు, బ్యాటరీ కింది రేకు, డిక్కీలో చక్రం పక్కన పల్లపు భాగాలు తర్వాత చూడాల్సినవి. కన్వర్టిబుల్‌లో తలుపుల కింది సిల్ లోపల అదనపు బలపు రేకులుంటాయి. అవి పోతే కారు మధ్యలో కుంగుతుంది. జాకీ మీద ఎత్తి తలుపు తెరిచి మూసి చూడాలి. సందు మారితే ఆ కారు దూరంగా ఉంచడమే మేలు. రంగు మందం కొలిచే మీటరు ఉంటే ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, మళ్లీ వేసింది 200-300, పుట్టీ ఉంటే 500 పైన చూపిస్తుంది. మీటరు లేకపోతే బట్ట చుట్టిన అయస్కాంతం కూడా పనికొస్తుంది. అసలు రంగు ఏదో తెలియడానికి తలుపు పలకలోని కోడ్‌తో గ్లవ్ బాక్స్ వెనక, వెనక సీటు కింద ఉన్న రంగును పోల్చాలి.

ధర ఎలా కట్టాలి

ముందు టీ-5 అన్న సంగతి మరిచిపోయి, అదే బాడీ రకం, అదే ఇంజన్ కోడ్, అదే పరిస్థితిలో ఉన్న మామూలు మస్టాంగ్ ఎంతకు పోతుందో తేల్చాలి. జర్మనీలో 1 నుంచి 5 దాకా గ్రేడ్లు వాడతారు, 1 అంటే లోపం లేనిది, 5 అంటే అసలే పాడైపోయింది. అమ్మేవాళ్లు చెప్పే 2 చాలాసార్లు పరిశీలకుడి 3 అవుతుంది. ఆ ధరలోంచి బాడీ మరమ్మతు ఖర్చును తీసేయాలి. ఆ తర్వాతే ఎగుమతి చరిత్రకు అదనంగా ఇవ్వాలా అని ఆలోచించాలి. పాత బ్రీఫ్, ఎగుమతి డీఎస్‌ఓ, పొసిగే తేదీలు, చెదరని రంధ్రాలు, ఇవన్నీ ఉన్న కారుకు అదనం ఇవ్వొచ్చు. బ్యాడ్జీలు, కిలోమీటర్ల మీటరు మాత్రమే ఉన్న కారుకు ఆ భాగాల ధర తప్ప వేరే అదనం లేదు. ఆరు సిలిండర్ల హార్డ్‌టాప్‌కు టీ-5 చరిత్ర ఉన్నా, అది తెచ్చే అదనం కౌల్ మరమ్మతు ఖర్చును దాటడం కష్టం. దానికి భిన్నంగా కే కోడ్ కార్లు మూడేళ్లలో కలిపి సుమారు 13 వేలే వచ్చాయి. టీ-5, కే కోడ్ రెండూ రుజువైన ఫాస్ట్‌బ్యాక్ అంటే అది వేరే స్థాయి.

అసలుతనానికి పన్నుల్లో కూడా విలువ ఉంది. యూరోపియన్ యూనియన్‌లో కనీసం 30 ఏళ్ల వయసుండి, ఛాసిస్, స్టీరింగు, బ్రేకులు, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా, తయారీ ఆగిపోయిన మోడలైతే కస్టమ్స్ సుంకాల జాబితాలోని 9705 శీర్షిక కింద సేకరణ వస్తువుగా లెక్కిస్తారు. దిగుమతి సుంకం ఉండదు, జర్మనీలో 7 శాతం వ్యాట్ కడితే చాలు. 40 వేల యూరోల కారుకు అది 2,800 యూరోలు. అదే కారులో కొత్తరకం స్టీరింగు, ఆధునిక ఇంజన్ పెట్టి ఉంటే మామూలు పాత కారు అవుతుంది. ఏళ్ల తరబడి అమలైన 10 శాతం సుంకం, దాని మీద 19 శాతం వ్యాట్ లెక్కన 4,000, 8,360 కలిపి 12,360 యూరోలు. తేడా 9,560 యూరోలు. ముందు డిస్క్ బ్రేకులు పెట్టించి విలువ పెంచాననుకునే యజమాని ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అప్పట్లో ఫోర్డ్ ఆప్షన్‌గా ఇచ్చిన డిస్క్ బ్రేకులకు, ఇప్పటి కిట్లకు మధ్య తేడా తనిఖీ అధికారికి కాగితం మీద చూపగలిగేలా ఉంచుకోవాలి.

భారత్‌కు తేవాలనుకునే వాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా వీఏ సిరీస్ నంబరు కావాలంటే కారుకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో మార్పు చేయకుండా అసలు రూపంలో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు. దిగుమతి అనుమతి, కస్టమ్స్ సుంకం వేరే లెక్క, బేరానికి ముందే కస్టమ్స్ ఏజెంటుతో తేల్చుకోవాలి. స్టీరింగు ఎడమవైపు ఉందని కుడివైపుకు మార్పించడం ఈ కార్ల విలువను దెబ్బతీసే పని. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ నిర్దేశించిన సిగ్నల్ పరికరం ఉంటే ఎడమ స్టీరింగు కారును రోడ్డు మీద నడపడానికి వీలు కల్పిస్తోంది. కుడి స్టీరింగే కావాలనుకుంటే ఆస్ట్రేలియా వైపు చూడొచ్చు. 1965-66లో ఫోర్డ్ ఆస్ట్రేలియా సిడ్నీలోని హోంబుష్ ఫ్యాక్టరీలో సుమారు 200 మస్టాంగ్‌లను కుడి స్టీరింగుకు మార్చి డీలర్ల ద్వారా అమ్మింది. ఆ కార్లలో కంపెనీ చేసిన మార్పే కారు చరిత్ర. తర్వాత ప్రైవేటు గ్యారేజీల్లో మార్చిన కార్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి కాబట్టి, అక్కడ కూడా ఫోర్డ్ ఆస్ట్రేలియా పత్రాలు, పలక చూపించమని అడిగాకే ధర మాట్లాడాలి.